కషాయము, ఫాంటము, పానీయము : చిక్కడపల్లి పరిసరముల ఔషధపానీయములను గుఱించి

తెలుగువారి సాంఘికచరిత్రకు కావ్యములును శాసనములును ప్రధానమైన ఆధారములు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘికచరిత్ర’ ఆ యాధారములనుండియే తిండిని, కట్టును, ఆటపాటలను, నమ్మకములను వెలికితీసి, అవియు చరిత్రకు అర్హమైన విషయములే యని నిరూపించినది. ఆ మార్గమున నడచినవారు పలువురు కలరు. ఐనను వంటయింటికిని వైద్యశాలకును నడుమ నున్న యొక చిన్న తావునకు దక్కవలసిన శ్రద్ధ దక్కలేదని మా యభిప్రాయము. జలుబు చేసినపుడు మిరియాలు దంచి కాచిన నీరు, అజీర్తికి వాము వేసి మరగించిన నీరు, పైత్యమునకు ధనియాలు నానవేసి వడగట్టిన నీరు, ఇవి పూర్తిగా ఆహారములు కావు. పూర్తిగా ఔషధములును కావు. వీనిని కాచినవారు గ్రంథములు వ్రాయలేదు. గ్రంథములు వ్రాసినవారు వీనికి ఇండ్లలో నున్న పేర్లను పట్టించుకొనలేదు.

నేడు ఈ పానీయములన్నియు ‘హెర్బల్ టీ’ యను ఒకే పేరున అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. పొట్లముపై ఆయుర్వేద సంప్రదాయము, వేల యేండ్ల యనుభవము అను మాటలు తప్పక కనబడును. ఆ మాటలలో ఎంత నిజము కలదు? సంప్రదాయము చెప్పిన వస్తువును, నేడు గాజుగ్లాసులో మన చేతికి వచ్చుచున్న వస్తువును ఒకటియేనా? ఈ ప్రశ్నకు సమాధానము వైద్యులు మాత్రమే చెప్పవలసినది కాదు. పేరు మాఱినపుడు పేరుతోపాటు ఏమేమి మాఱినవో చెప్పవలసిన బాధ్యత భాషాచరిత్ర చదువుకొన్నవారిపైనను కలదు.

పరిశీలనకు మేము హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములను ఎన్నుకొంటిమి. తెలుగునాట ఔషధపానీయముల చరిత్రలోని పాయలు పెక్కింటిని ఒకచోట చూపగల ప్రాంతమిది. 1908 సెప్టెంబరులో మూసీనది వఱదయు, 1911లో ప్లేగు వ్యాధియు నగరమును కలచివేసిన పిమ్మట, 1912లో ఆరాయిషె బల్దా అను నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. ఇఱుకైన పాతబస్తీలకు వెలుపల గాలి వెలుతురు గల నివాసములు ఆరోగ్యమునకు అవసరమను భావము నగరమున బలపడెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారి కృషివలన వెలసిన బాలికల పాఠశాల నారాయణగూడను తెలుగువారి విద్యాకేంద్రములలో ఒకటిగా చేసినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించిన పిదప కోస్తా జిల్లాలనుండియు రాయలసీమనుండియు వచ్చిన ఉద్యోగుల కుటుంబములు పెక్కు చిక్కడపల్లి పరిసరములలో స్థిరపడినవి. త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయము ఈ ప్రాంతమునకు అలంకారములు. టీకాలకును రోగనిర్ణయ పరీక్షలకును పేరొందిన ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థయు నారాయణగూడలోనే కలదు. వైద్యుడును స్వాతంత్ర్యయోధుడును అయిన డాక్టరు జి. ఎస్. మేల్కోటేగారి పేరిట నున్న ఉద్యానవనమును ఇచటిదే. తెలంగాణపు ఇంటివైద్యము, కోస్తావారి వంటయింటి వాడుక, నగరపు యూనానీ వైద్యము, ఇరానీ చాయ్ — ఈ నాలుగును కొన్ని వీథుల మేరలో కలిసికొన్న తావు ఇది.

మొదట పేర్లను విచారింతము. ‘కషాయము’ అను సంస్కృతశబ్దమునకు వగరు అను రుచి యని యొక అర్థము. అమరకోశము ధీవర్గమున షడ్రసములను చెప్పునపుడు ఈ శబ్దమును ఆ యర్థముననే గ్రహించినది. కాని వైద్యశాస్త్రమున దీని వ్యాప్తి వేఱు. చరకసంహిత సూత్రస్థానము నాల్గవ అధ్యాయమున, ఉప్పు తప్ప తక్కిన అయిదు రసములును కషాయములకు యోనులని చెప్పబడినది. అనగా తీపిద్రవ్యముతో చేసినదియు, కారపుద్రవ్యముతో చేసినదియు కషాయమే. రుచిని తెలుపు మాట, ద్రవ్యమునుండి సారమును రాబట్టు విధానమును తెలుపు మాటగా పరిణమించినది. ఆ విధానములు అయిదు: పచ్చి ద్రవ్యమును పిండిన స్వరసము, నూరిన కల్కము, కాచిన శృతము లేక క్వాథము, చల్లని నీట నానబెట్టిన శీతము లేక హిమము, వేడినీట వేసి పిసికి వడగట్టిన ఫాంటము. ఇవి వరుసగా ఒకదానికంటె ఒకటి తేలికయైనవి. రోగి బలమును, రోగ బలమును చూచి వీనిలో తగినదానిని ఎన్నుకొనవలెనని శాస్త్రము.

వాడుకతెలుగున ఈ అయిదింటిలో ‘కషాయము’ అను పేరు క్వాథమునకు మాత్రమే నిలిచినది. మనవారు కషాయమనగానే పొయ్యి మీద కాగి ఇగిరినదానినే తలతురు. ఫాంటమునకు ఇంటిభాషలో ప్రత్యేకమైన పేరు నిలువలేదు. పేరులేని ఆ చోటునందే తరువాతి కాలమున పరదేశపు పేరు వచ్చి కూర్చున్నది. తేయాకును వేడినీట వేసి వడగట్టు పద్ధతి విధానమును బట్టి చూచినచో ఫాంటమే కదా! రుచిని బట్టి చూచినను విచిత్రమొకటి కలదు. తేయాకున టానిను జాతి పదార్థములు అధికము. వగరు వానివలననే కలుగును. కాగా పాలు, చక్కెర లేని తేనీరు రుచిచే అచ్చమైన కషాయము. అల్లము కాచిన నీరు కషాయమని పేరు పొందియు రుచిచే కటువు.

రెండవది పాళ్ల విషయము. క్రీస్తుశకము 13, 14 శతాబ్దుల నాటిదిగా పండితులు తలచు శార్ఙ్గధరసంహితలో ఈ కొలతలు స్పష్టముగా కలవు. క్వాథమునకు ఒక పలము ద్రవ్యమును పదునాఱు రెట్లు నీటిలో వేసి, ఎనిమిదవ పాలు మిగులునట్లు కాచవలెను. నేటి ఆయుర్వేద ఔషధసంహితలు పలమును 48 గ్రాములుగా గ్రహించుచున్నవి. ఆ లెక్కను 768 మిల్లీలీటర్ల నీరు 96 మిల్లీలీటర్లకు ఇగురవలెను. ఫాంటమునకు ఒక పలము చూర్ణముపై నాలుగు పలముల వేడినీరు, అనగా 192 మిల్లీలీటర్లు, పోసి వడగట్టవలెను. హిమమునకు ఒక పలమును ఆఱు పలముల నీటిలో రాత్రి యంతయు నానబెట్టవలెను.

ఈ కొలతను నేటి కొలతతో పోల్చి చూతము. అంగట దొరకు ఒక కాగితపు సంచిలో ఉండు మూలికాచూర్ణము సుమారు 2 గ్రాములు. దానిని ఒక గ్లాసు వేడినీట ముంచుదుము. ఆ గ్లాసు 192 మిల్లీలీటర్లది యనుకొన్నచో, శాస్త్రోక్తమైన ఫాంటము దానికంటె ఇరువదినాలుగు రెట్లు చిక్కనిది. ద్రవములను ఇమ్మడిగా గ్రహింపవలెనను పరిభాషను పాటించినను పండ్రెండు రెట్లు చిక్కనిది. కనుక ఫాంటమునకు గ్రంథములు చెప్పిన గుణములను ఈ సంచిపానీయమునకు ఆరోపించుట న్యాయము కాదు. వేయేండ్ల యనుభవము ఏ వస్తువునకు సాక్ష్యము చెప్పినదో ఆ వస్తువు వేఱు. నేడు ఆ సాక్ష్యమును చూపి అమ్మబడుచున్న వస్తువు వేఱు.

అట్లని మన పూర్వులకు పలుచని పానీయము తెలియదని కాదు. వారు దానికి వేఱు పేరును, వేఱు కొలతను ఏర్పఱచిరి. జ్వరమున దప్పిక తీర్చుటకు చెప్పబడిన షడంగపానీయము ఇందులకు ఉత్తమమైన ఉదాహరణము. తుంగముస్తలు, పర్పాటకము, వట్టివేళ్లు, చందనము, కురువేరు, శొంఠి అను ఆఱింటిని కలిపి ఒక కర్షము, అనగా 12 గ్రాములు, ఒక ప్రస్థము నీటిలో వేసి సగము మిగులునట్లు కాచి, చల్లార్చి, దప్పిక యైనపుడెల్ల ఇచ్చుట పద్ధతి. 768 మిల్లీలీటర్ల నీరు 384 మిల్లీలీటర్లగును. క్వాథముతో పోల్చినచో ఇది మిక్కిలి పలుచన. క్వాథము కొలిచి ఇచ్చునది; పానీయము దప్పికకు త్రాగునది. ఔషధమునకును పానీయమునకును నడుమ గీత యిచట స్పష్టముగా గీయబడినది. నేటి మూలికాపానీయములకు పూర్వరూపమును వెదకదలచినవారు క్వాథమును కాక ఈ పానీయమును చూడవలెనని మా నిర్ణయము.

తెలుగునాట ఈ విద్యకు ఆశ్రయమైన సంస్థలును, గ్రంథములును కలవు. కాకతి రుద్రమదేవి నాటి 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనమున మఠముతోపాటు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును ఏర్పాట్లు చెప్పబడినవి. బసవరాజీయము సంస్కృతముతోపాటు తెలుగును కలుపుకొని నడచిన వైద్యగ్రంథము. ఇంద్రకంటి వల్లభాచార్యుని వైద్యచింతామణియు ఆంధ్రవైద్యులకు చిరపరిచితము. కావ్యములలో ఆముక్తమాల్యదను చూడుడు. విష్ణుచిత్తుడు అతిథులకు వేసవియందు పలుచని అంబళ్లను, నీరుచల్లను, చలికాలమున మిరియపుపొడి కూడిన వంటకములను పెట్టెనని రాయలు వర్ణించెను. ఋతువును బట్టి త్రాగునది మాఱవలెనను భావము వైద్యులకు మాత్రమే పరిమితము కాక గృహస్థధర్మమున భాగమై యుండెననుటకు ఇది తార్కాణము. ఋతువు, ద్రవ్యము, పాలు, త్రాగువాని స్థితి — ఈ నాలుగును కలిసినదే సంప్రదాయము. మూలిక పేరొక్కటియే సంప్రదాయము కాదు.

ఇక నగరమునకు వత్తము. హైదరాబాదున యూనానీ వైద్యమునకు ప్రభుత్వాదరణ మెండు. చార్మినారు చెంతనున్న నిజామియా వైద్యశాల దానికి నేటికిని నిదర్శనము. యూనానీ వైద్యులు జలుబు దగ్గులకు ఇచ్చు ‘జోషాందా’ యను పేరు మరుగుట అను అర్థము గల పారసీక ధాతువునుండి వచ్చినది. రేగుజాతి పండ్లు, అతిమధురము, బనఫ్షా పూలు మున్నగునవి అందలి ద్రవ్యములు. క్వాథమును జోషాందాయు విధానమున ఒకదానికొకటి తోబుట్టువులు. 1920లో హైదరాబాదున పుట్టిన జిందా తిలిస్మాత్ అను యూనానీ ఔషధమును వేడినీటనో, చాయ్‌లోనో కొన్ని చుక్కలు వేసి త్రాగు వాడుక నగరమున మత కుల భేదము లేక వ్యాపించినది. చాయ్ ఇచట కేవలము విలాసపానీయముగా కాక మందునకు అనుపానముగా కూడ పనిచేసినదన్నమాట.

తేయాకు మన దేశమున సామాన్యుని పానీయమైనది ఇటీవలనే. 1823లో అస్సామున తేయాకు మొక్కలు ఆంగ్లేయుల కంటబడినవి. 1903లో తేయాకుపై ప్రత్యేకసుంకము విధించి, ఆ ధనముతో తేనీటి ప్రచారము సాగించిరి. ఈ దేశమున దాని కధికారసంస్థయైన టీ బోర్డు 1954లో ఏర్పడెను. ఈ మొక్క పేరు ప్రపంచభాషలకు రెండు దారుల చేరినది. చీనాదేశపు తీరభాషలోని ‘తే’ సముద్రమార్గమున ఐరోపాకు పోయి ‘టీ’ యైనది. ‘చా’ యను రూపము భూమార్గమున పారసీకమునకు వచ్చి ‘చాయ్’ అయినది. కోస్తావారి ‘టీ’యు, హైదరాబాదువారి ‘చాయ్’యు ఈ రెండు దారులకును గుఱుతులు. చిక్కడపల్లి వీథులలో ఈ రెండు మాటలును నేటికిని ప్రక్కప్రక్కనే వినబడుచుండుట భాషాశాస్త్ర విద్యార్థులకు సంతోషకరమైన విషయము.

క్రొత్త పానీయము వచ్చిన పిదప పాతవానికి దాని పేరు అంటుకొనుట ఆరంభమైనది. ‘ధనియాల కాఫీ’, ‘శొంఠి కాఫీ’ అను మాటలను మనమెల్లరము ఎఱుగుదుము. వానిలో కాఫీగింజ లేదు. కాఫీ గౌరవప్రదమైన పానీయమైన కాలమున, కాఫీ మానుమని వైద్యుడు చెప్పినవారికి ఇల్లాలు చేసిన ఓదార్పు ఆ పేరు! అటులనే నేటి ‘తులసి టీ’, ‘నిమ్మగడ్డి టీ’ యనువానిలోను తేయాకు లేకపోవచ్చును. కాని ‘అల్లం టీ’ యన్నపుడు మాత్రము మనము తేయాకులో అల్లము చేర్చినదానినే గ్రహింతుము. ఒకే సమాసరూపమున రెండు వేఱువేఱు అర్థములు నడచుచున్నవి. మొదటిదానిలో కెఫీను లేదు, రెండవదానిలో కలదు. నిద్ర పట్టనివానికిని, గర్భిణికిని ఈ భేదము చిన్నది కాదు.

పేరు తప్పుట వలన ద్రవ్యమే మాఱిపోవుటయు కలదు. ‘హైబిస్కస్ టీ’ని తెలుగున ‘మందార టీ’ యనుచున్నారు. ఈజిప్టువారు కర్కదే యని త్రాగునదియు, రక్తపుపోటును కొంత తగ్గించునని కొన్ని వైద్యపరీక్షలలో తేలినదియు మన పెరటి మందారము కాదు. అది గోంగూరకు చెందిన ఎఱ్ఱని పుష్పకోశము. ఇంట గోంగూరను నిత్యము తినుచు, ఆ గుణమును మందారమునకు కట్టబెట్టుట మన ఎఱుకకు తగదు. తంగేడు చరిత్ర మఱియొకటి. తెలంగాణ రాష్ట్రము 2014లో దీనిని రాష్ట్రపుష్పముగా స్వీకరించినది. బతుకమ్మకు ఇది ప్రధానమైన పువ్వు. సింహళమున దీనిని రణవర యందురు, కాచి త్రాగుదురు. దీని యాకునకు ‘మాతర టీ’ యని యాంగ్లేయులు పేరిడిరి. ఇదే చెట్టు బెరడు టానినుల వలన తోళ్లు పదను చేయుటకు పనికివచ్చినది. ఒకే చెట్టు దేవతకు పువ్వు, చర్మకారునికి బెరడు, రోగికి పానీయము అయినది.

ఇట్లు నెమ్మదిగా నడచిన చరిత్ర 2020లో ఒక్కసారిగా వేగము పుంజుకొన్నది. కోవిడ్ వ్యాధి వ్యాపించిన ఆ సంవత్సరము మార్చి నెలాఖరున కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కాచిన కషాయమును దినమునకు ఒకటి రెండు మాఱులు త్రాగవచ్చునని సూచించినది. రోగమును కుదుర్చునని కాక, దేహమునకు రక్షణశక్తి నిచ్చునను ఉద్దేశముతో చేసిన సూచన యది. సూచనలో పరిమితి కలదు. ప్రజల భయమునకు పరిమితి లేదు. మా పరిసరములలో ఇంటింట పొయ్యిమీద మిరియాల ఘాటు వ్యాపించిన దినములవి. ఒకటి రెండు మాఱులు త్రాగుమన్నదానిని నాలుగైదు మాఱులు త్రాగి, కడుపుమంటతో బాధపడినవారిని మేమెఱుగుదుము. క్వాథమును పానీయమువలె త్రాగిరి. శాస్త్రము గీచిన గీత చెఱగిపోయినందున కలిగిన ఫలమిది.

తిప్పతీగ విషయము ఇంకను గంభీరమైనది. గుడూచి యని శాస్త్రములు ప్రశంసించిన ఈ తీగను ఆ కాలమున పలువురు వైద్యుని అడుగకయే నెలల తరబడి కాచి త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు దీనిని వాడిన ఆరుగురు రోగులలో కాలేయమునకు హాని కలిగినట్లు ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపలేదు. రోగులు వాడినది టైనోస్పోరా కార్డిఫోలియాయో, దానిని పోలిన టైనోస్పోరా క్రిస్పాయో నిర్ధారణ కాలేదని ఆక్షేపించినది. ఈ వివాదమున తీర్పు చెప్పుట మా పని కాదు. కాని రెండు పక్షముల వాదములును ఒకే పాఠమును బోధించుచున్నవి. తీగ హానికరమైనచో మితి అవసరము. తీగ పొరపాటున మాఱినచో గుర్తింపు అవసరము. పూర్వము ఈ రెండును మూలికలు ఎఱిగిన వైద్యుని చేతిలోను, ఇంటి పెద్దల చేతిలోను ఉండెడివి. నేడు పొట్లము చేతిలో ఉన్నవి. దగ్గునకు మంచిదైన అతిమధురమును సయితము మితిమీరి, బహుకాలము వాడినచో రక్తపుపోటు హెచ్చి, దేహమున పొటాషియము తగ్గునని వైద్యశాస్త్రము స్థిరపఱచినది.

అట్లని ఈ పానీయములు నిష్ప్రయోజనములని మేము చెప్పుట లేదు. వాంతిభావమునకు అల్లము మేలు చేయునని ఆధునికపరీక్షలును అంగీకరించినవి. జ్వరమున గోరువెచ్చని ద్రవము లోనికి పోవుటయే యొక మేలు. తులసి, నిమ్మగడ్డి, వాము మున్నగువాని సువాసనతైలములు ఎక్కువసేపు మరగించినచో ఆవిరియై పోవును. కనుక ఆకులకు ఫాంటమును, గట్టివైన వేళ్లకు, బెరళ్లకు క్వాథమును విధించిన పూర్వుల వివేకము నేటి రసాయనశాస్త్రమునకును సమ్మతమే. భోజనముతోపాటు త్రాగిన తేనీరు ఆహారమందలి ఇనుమును దేహమునకు పట్టనీయదని తేలినది గావున, రక్తము తక్కువైనవారు భోజనానంతరము చాయ్ మాని జీలకఱ్ఱ నీరు త్రాగుట మంచిదే. కాని ఈ మేళ్లు చిన్నవి, పరిమితమైనవి. మధుమేహమును, రక్తపుపోటును, కాలేయరోగమును ఒక గ్లాసు నీటితో కుదుర్చుదుమను మాట సంప్రదాయమున లేదు, శాస్త్రమునను లేదు.

అశోక్‌నగర్ వీథులలో పోటీపరీక్షలకు చదువుకొను యువతీయువకులు వేలసంఖ్యలో కలరు. నగర కేంద్ర గ్రంథాలయమున ప్రొద్దు వ్రాలువఱకు కూర్చుండి, నిద్ర ఆపుకొనుటకు చాయ్‌ను, ఆ చాయ్ వలన కలిగిన మంటకు మూలికాపానీయమును ఆశ్రయించువారు వారిలో ఉన్నారు. ఇంటినుండి దూరముగా చిన్న గదులలో బ్రదుకు వీరికి శొంఠి యెంత, నీరెంత యని చెప్పు అమ్మమ్మ దగ్గఱ లేదు. పొట్లముపై ముద్రించిన మాటయే వారికి పెద్దల మాట. పేర్లను సరిదిద్దుట కేవలము పండితుల వినోదము కాదని చెప్పుటకు ఈ విద్యార్థులను మించిన కారణము మాకు కనబడదు.

కావున పరిశోధక విద్యార్థులకు మా విన్నపము ఇది. మన యిండ్లలో డెబ్బది, ఎనుబది యేండ్లు నిండిన స్త్రీలు ఇంకను ఉన్నారు. వారి వాడుకలోని పానీయముల పేర్లను, కొలతలను, ఏ ఋతువున ఎవరికి ఇచ్చెడివారో, ఎవరికి ఇచ్చెడివారు కారో ఆ వివరములను జిల్లాలవారీగా సేకరింపవలెను. ‘ఇవ్వరాదు’ అను మాటను ప్రత్యేకముగా వ్రాసికొనవలెను; అంగడిపొట్లము మొట్టమొదట విడిచిపెట్టినది ఆ మాటనే. చిక్కడపల్లివంటి చోట తెలంగాణపు పేరును, కోస్తా పేరును, ఉరుదూ పేరును ఒకే వీథిలో లభించును. ఆ సేకరణము వలన నిఘంటువులకు క్రొత్తపదములు చేకూరుట యటుంచి, క్వాథమునకును పానీయమునకును నడుమ చెఱగిపోయిన గీత తిరిగి కనబడును. మా లెక్కలలో గాని, అన్వయములలో గాని దోషములున్నచో విజ్ఞులు సవరింతురు గాక.